ఎడమపక్క స్తంభం

కాలిన బ్రేకుల వాసన నాకు కొత్త కాదు. పద్నాలుగేళ్ళుగా మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఆ వాసనే నా ఉద్యోగం. టెస్టు గదిలో బ్రేకు డ్రమ్ములు ఎర్రబడేదాకా తిప్పి, ఎంత వేడి దగ్గర ఎంత పట్టు తప్పుతుందో కాగితం మీద గీతలు గీసి, కింద సంతకం పెట్టేవాణ్ణి. అదే వాసన టెన్నెసీ కొండరోడ్డు పక్కన, నా సొంత డీజిల్ పికప్ చక్రాల్లోంచి, నా కూతురు రేణు పక్క సీట్లో ఉండగా వస్తుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు. నాలుగు మైళ్ళ దిగుడు, వెనక ఏడువేల పౌన్ల ట్రైలరు, టాప్ గేరులోనే వచ్చేశాను, కాలు బ్రేకు మీదే పెట్టి. పెట్రోలు ఇంజనైతే కాలు తీయగానే కాస్త వెనక్కి లాగి పట్టుకుంటుంది, డీజిలుకి ఆ గుణం తక్కువ, పోతానంటే పోనిస్తుంది, అందుకే కొండ మొదట్లోనే గేరు తగ్గించుకోవాలి. ఈ ముక్క ఎంతమందికి చెప్పానో, మొన్నటికి మొన్న ఆఫీసులో ఎవరికో పావుగంట వివరించాను. మూడో మైలు దాటాక పెడలు మెత్తబడింది, తడి మట్టిలో కాలు దిగినట్టు. వెనక వస్తున్న పెద్ద లారీ లైట్లు వెలిగించి ఆర్పి, వెలిగించి ఆర్పి, పొగ వస్తోందని చెబుతోంది. రోడ్డు పక్కన వెడల్పుగా కంకర పరిచిన చోటు కనపడింది, గేరు కిందికి లాగాను, ఇంజను అరిచింది, ట్రైలరు వెనకనించి వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు తోసింది, ఆగింది. రేణు రెండు చేతులూ డాష్‌బోర్డు మీదే ఉన్నాయి. "నాన్నా," అంది, అంతే.

లారీ కూడా మా వెనకే ఆగింది. డ్రైవరు దిగి వచ్చాడు, నా వయసే ఉంటుంది, మోకాలు నెప్పేమో కాస్త ఈడుస్తూ నడుస్తున్నాడు. నన్నేమీ అనలేదు. పార్కింగ్ బ్రేకు వెయ్యవద్దు, నీళ్ళు పొయ్యవద్దు, గంటసేపు దాన్నలా వదిలెయ్యి అని మాత్రం చెప్పి, తన లారీలోంచి రెండు చెక్క దిమ్మలు తెచ్చి ట్రైలరు చక్రాల కింద తనే వంగి పెట్టాడు. బ్రేకుల సంగతి నాకు తెలుసనీ, అదే నా పని అనీ నోటిదాకా వచ్చింది, మింగేశాను. దిమ్మలు ఉంచుకో, నా దగ్గర ఇంకా ఉన్నాయి అని, రేణు వైపు తిరిగి టోపీ కాస్త ఎత్తి, వెళ్ళిపోయాడు. ఒక మనిషి తప్పు చేసి నిలబడ్డప్పుడు ఎందుకు చేశావని అడగకుండా చక్రాల కింద చెక్క పెట్టి పోయేవాళ్ళు ఉంటారు. నేను అలాంటివాణ్ణి కాలేకపోయాను. కనీసం ఒక్కసారి, ఒక్క సాయంత్రం అలా ఉండగలిగుంటే సరిపోయేది, కానీ ఉండలేదు. ఆ సాయంత్రం గురించే ఆలోచిస్తూ గేరు సంగతి మరిచిపోయాను.

కొండ మీద, దిగుడు మొదలవకముందు, రేణు అంది, "అమ్మ స్టఫ్ ఏదీ నాకొద్దు నాన్నా. అట్లాంటా వెళ్ళగానే ఎవరికైనా డొనేట్ చేసేద్దాం." ట్రైలరులో రేణు మంచం, బల్ల, పుస్తకాలు ఉన్నాయి, అట్లాంటాలో దానికి ఉద్యోగం, కొత్త అపార్ట్‌మెంటు, వాటితోపాటు నా భార్య వసుమతి కుట్టుమిషను, స్టీలు గిన్నెలు, ఇడ్లీ పాత్ర, ఇండియానించి ఓడలో తెప్పించుకున్న రాతి గ్రైండరు కూడా సర్దాను, అడగకుండానే. తల్లివి కూతురికి కాక ఎవరికి? ఎందుకమ్మా అన్నాను. "బికాజ్ షీ లైడ్ టు అస్. ఆరు నెలలు కళ్ళు కనపడలా, ఒక్క మాట చెప్పలా. నాకు చెప్పలా, నీకు చెప్పలా. చెప్పుంటే బతికుండేది కదా? నేను ఆమె గిన్నెల్లో అన్నం తినలేను నాన్నా, ఐ కాంట్." ఆ మాటలు అంటున్నప్పుడు కొండ పైభాగం దాటుతున్నాం, దిగుడు ఉందని పసుపుపచ్చ బోర్డు మీద లారీ బొమ్మ, దాని కింద మైళ్ళ అంకె, అన్నీ చూశాను, ఏదీ చదవలేదు. నీకు చెప్పలా అన్న మాట దగ్గరే నా చెయ్యి గేరు మీద ఆగిపోయింది.

ఇప్పుడు ఇంజను ఆపేసిన నిశ్శబ్దంలో లోహం చల్లబడుతూ టిక్కు టిక్కుమంటోంది. జూన్ నెల ఎండ. రేణు తలుపు తెరిచి కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చుంది, నా వైపు వీపు. ఆ మెడ వంపు వసుమతిదే. నాలుగేళ్ళ పిల్లగా విమానం దిగినప్పుడు వసుమతి చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకుని నడిచిన పిల్ల, ఇప్పుడు ఇరవై రెండు, తెలుగు దానికి ఇంటి చెప్పుల్లాంటిది, లోపల తిరగడానికే. వసుమతి పోయి పదమూడు నెలలు. ఈ పికప్ కొని మూడేళ్ళు. ఎనభై మూడులో కొన్నాను, మనవాళ్ళందరూ స్టేషన్ వ్యాగన్లు కొనే రోజులు, పిక్నిక్‌లో మిత్రుడు కృష్ణమోహన్ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఏమండీ యజ్ఞనారాయణరావుగారూ, బండి వచ్చింది సరే, గేదెలు ఎప్పుడొస్తాయి?" అన్నాడు, అందరూ నవ్వారు, వసుమతి అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆవిడ కోసమే కొన్నానని చెప్పాను అందరికీ. అది సగం నిజం. వసుమతి బయట తినదు, గుడ్డు వేయించిన పెనం మీద వేయించిన బంగాళాదుంపయినా తినదు, నయాగరాలో మోటెలు గదిలో ఎలక్ట్రిక్ స్టవ్వు మీద తాలింపు వేస్తే పొగ అలారం మోగి, మేనేజరు తలుపు కొడుతుంటే ఆవిడ మంచమెక్కి పమిటతో అలారానికి విసిరింది, నేను తలుపు సందులోంచి ఏమీ లేదు ఏమీ లేదు అన్నాను. ఆ తర్వాతే, నీకోసం వంటిల్లున్న ట్రైలరు కొందాం, దాన్ని లాగడానికి గట్టి బండి కావాలి అన్నాను. ఇప్పుడు వెనక ఉన్నది ఆ ట్రైలరే. ఆ డీజిలు ఇంజను గుర్రు నాకు ఎంత ఇష్టమో, పొద్దున్నే ఇంజనులో ప్లగ్గులు వేడెక్కి డాష్‌బోర్డు మీది చిన్న దీపం ఆరేదాకా కాచుకుని తాళం తిప్పితే ఒళ్ళంతా వణికే ఆ మొదటి కుదుపు ఎంత ఇష్టమో, ఆవిడకు చెప్పలేదు. చెప్పినా ఏమీ అనేది కాదు. తెలిసే ఉంటుంది.

లాగడం తేలిక, వెనక్కి పెట్టడమే కష్టం. ట్రైలరు తోక నువ్వు తిప్పినదానికి ఎదురుదిక్కు పోతుంది. క్యాంపుగ్రౌండులో ప్రతి చోటా ఎడమపక్క కరెంటు, నీళ్ళ స్తంభం ఉంటుంది, దాని పక్కగా సరిగ్గా దూర్చాలి, ఎవరో ఒకరు వెనక నిలబడి చెప్పాలి. వసుమతి చెప్పేది. మొదటిసారి ఏం చేసిందంటే, తెనాలి బస్టాండులో క్లీనరులాగా ట్రైలరు రేకు మీద అరచేత్తో దబదబా కొడుతూ, "రానీ రానీ రానీ... హోల్డాన్!" అని అరిచింది. వాళ్ళ నాన్న బస్సు డిపోలో గుమస్తా, ఆ చప్పుళ్ళ మధ్యే పెరిగింది, రెండు దెబ్బలు కొడితే పోనీ, ఒకటి కొడితే ఆగు. అద్భుతంగా ఆగాను, స్తంభానికి సరిగ్గా రెండడుగుల దూరంలో. పక్క ట్రైలరు ముసలాయన చప్పట్లు కొట్టాడు. నాకు సిగ్గేసింది. ఎందుకు సిగ్గేసిందో ఇప్పుడు ఆలోచిస్తే అర్థం కాదు, ఆయన మెచ్చుకునే కొట్టాడు. ఆ రాత్రే చెప్పాను, ఆ బస్టాండు పద్ధతి వద్దు, చేతిసైగలు చెయ్యి అని. గ్రాఫు కాగితం మీద ఆరు బొమ్మలు గీసి, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి నేర్పించాను. "పరీక్ష ఎప్పుడండీ?" అంది. నవ్వలేదు నేను. అప్పటినించీ రేకు మీద చెయ్యి వెయ్యలేదు, స్తంభం పక్కన నిలబడి, అద్దంలో నాకు కనపడేలా చేతులు ఊపేది, స్కూలు పిల్లలా, పొరపాటు చేయకూడదన్న ముఖంతో.

ఎనభై నాలుగు ఆగస్టు. ఉత్తర మిషిగన్‌లో సరస్సు పక్క క్యాంపు. చీకటి పడలేదు, మబ్బు లేదు, సాకు చెప్పడానికి ఏమీ లేదు. చేతులు ఊపుతోంది, రా రా అని, నేను అద్దంలో ఆ చేతులే చూస్తూ వెనక్కి పోనిస్తున్నాను, స్తంభం ఆవిడకు ఎడంపక్క మూరెడు దూరంలో ఉంది, ఇంకా రా రా అంటోంది. రేకు చిరిగిన చప్పుడు. దిగి చూశాను, మూల నొక్కుకుపోయింది, స్తంభం వంగింది. ఆవిడ చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావని అరిచాను. తెలుగులోనే అరిచాను, అయినా చుట్టూ ఉన్న వాళ్ళందరికీ అర్థమైంది. ఆవిడ స్తంభం వైపు తిరిగి దాన్ని ఇప్పుడే ఎవరో పాతినట్టు చూసింది. సాయంత్రం ట్రైలరులో, బియ్యం కడుగుతూ, నా వైపు చూడకుండా అంది: "ఏమండీ, ఎడంపక్క ఏదో తెర వేసినట్టుంటోంది. ఆ స్తంభం నాకు నిజంగా కనపడలేదు." నేను నొక్కుకుపోయిన మూలని ఏ గమ్ముతో అతికించాలో ఆలోచిస్తున్నాను. "సాకులు చెప్పకు వసుమతీ. తప్పయిపోయిందంటే సరిపోయేది," అన్నాను. బియ్యం కడిగిన నీళ్ళు పారబోసింది. "సరే, తప్పయిపోయింది," అంది.

ఇంజనులో సన్నని వణుకు వినపడితే ఏ బేరింగో చెప్పగలను నేను. బండి ఒక పక్కకు అర అంగుళం లాగితే కళ్ళు మూసుకుని ఏ చక్రమో చెప్పగలను. ఆ చలికాలమంతా ఆవిడ గుమ్మాలకు ఎడమ భుజం కొట్టుకుంటూ నడిచింది, కంచంలో కుడిపక్క కూర తిని ఎడమపక్కది వదిలేసింది, బెండకాయ నచ్చలేదేమో అనుకున్నాను. ఫిబ్రవరిలో మెట్ల మీంచి పడింది. ఆసుపత్రిలో స్కాను తీశారు, తలలో కుడివైపు, కోడిగుడ్డంత అని డాక్టరు వేళ్ళతో చూపించాడు, ఆవిడ జన్మలో ముట్టని గుడ్డు. కాస్త ముందు తెలిసి ఉంటే అని ఆయన వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు, మంచివాడు. తర్వాత ఫైలు తెరిచి అడిగాడు, ఇంతకుముందు కంటిచూపు గురించి ఎప్పుడైనా చెప్పిందా? మంచం మీద ఆవిడ మెలకువగానే ఉంది. నేను "నో" అన్నాను. అంత తొందరగా నోట్లోంచి ఎలా వచ్చిందో. ఆవిడ తల కాస్త తిప్పి నన్ను చూసింది, నేను ఆవిడకు కనపడే పక్కనే నిలబడ్డాను. ఆ సాయంత్రం రేణు కాలేజీనించి వచ్చి మంచం పట్టుకుని, "ఎందుకు చెప్పలేదమ్మా? వై?" అని ఏడిస్తే, "నాకే తెలియలేదు రేణూ," అంది, కిటికీ వైపు చూస్తూ. ఆవిడకు అబద్ధం చెప్పడం రాదు. రేణుకు అప్పుడే తెలిసిపోయింది అది అబద్ధమని. ఎవరికోసమో మాత్రం తెలియలేదు.

ఆఖరి రెండు నెలల్లో నర్సు నేర్పింది, సగం తిన్నాక కంచం తిప్పి పెట్టమని. తిప్పి పెట్టాను. ఆవిడ కంచంలోకి చూసి, "ఈ కూర ఎప్పుడు చేశారండీ?" అంది సంతోషంగా. అక్కడే ఉంది మొదటినించీ, అని చెప్పలేదు. ఇప్పుడే చేశానన్నాను. ఆ ఒక్క అబద్ధానికీ నాకు సిగ్గు లేదు.

రేణు కాళ్ళు ఊపడం ఆపింది. "ఎంతసేపు ఇంకా?" అని అడిగింది, వెనక్కి తిరగకుండానే. పావుగంట అన్నాను. పావుగంటలో చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పను, అట్లాంటాలో గిన్నెలు ఎవరికో ఇచ్చేస్తాం, అపార్ట్‌మెంటు తలుపు దగ్గర నన్ను కౌగిలించుకుని, జాగ్రత్త నాన్నా, నువ్వు ఒక్కడివే, అంటుంది, ఆ ప్రేమ నాది కాదు, వసుమతికి రావలసింది కూడా కలిపి నాకే ఇస్తోంది ఏడాదినించి, వారం వారం ఫోను చేస్తుంది, మందులు వేసుకున్నావా అంటుంది, పాపం నాన్నకి కూడా అమ్మ చెప్పలేదు కదా అని. చెబితే అది పోతుంది. ఆ ఫోను తప్ప నా ఇంట్లో మోగేది ఇంకేమీ లేదు. ఒక లారీ వేగంగా దిగింది, దాని గాలికి మా బండి ఊగింది.

"రేణూ," అన్నాను, "అమ్మ చెప్పింది."

వెనక్కి తిరిగింది. "వాట్?"

"నాకు చెప్పింది. ఎనభై నాలుగు ఆగస్టులో. నేను నమ్మలేదు. డాక్టరు అడిగితే చెప్పలేదన్నాను. అమ్మ అక్కడే ఉంది, విన్నది, నా కోసం ఊరుకుంది."

చాలాసేపు నా ముఖంలోకి చూసింది. ఆ చూపును నేను తప్పించుకోలేదు, ఈ ఏడాదిలో నేను చేసిన కష్టమైన పని అదొక్కటే. "ఏమని చెప్పింది? ఎగ్జాక్ట్‌గా చెప్పు. తెలుగులోనే." చెప్పాను. తెర మాట చెప్పాను, స్తంభం మాట చెప్పాను. నేనన్నది కూడా చెప్పాను. "దెన్?" అంది. "సరే, తప్పయిపోయింది, అంది," అన్నాను. రేణు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దిగి, కంకర మీద ట్రైలరు చివరిదాకా నడిచింది, అతుకు వేసిన ఆ మూల దగ్గర నిలబడింది. నేను వెంట వెళ్ళలేదు. అద్దంలో దాని భుజాలు కనపడుతున్నాయి, చూడకూడదనిపించి కళ్ళు దించుకున్నాను. తిరిగి వచ్చినప్పుడు ముఖం తుడుచుకునే ఉంది, గొంతు మాత్రం పరాయి మనిషిది. "వన్ ఇయర్ నాన్నా. ఏడాది నేను అమ్మని తిట్టుకున్నా. ఆమె బర్త్‌డేకి ఫొటో కూడా తీసి డ్రాయర్లో పెట్టేశా. అది నువ్వు చేశావు. ఫస్ట్‌ది కాదు, నమ్మకపోవడం ఎవరైనా చేస్తారు. సెకండ్‌ది." అవునన్నాను. "నేను ఆ డిశ్చార్జ్ పేపర్స్ చదివా. నీ కిచెన్ డ్రాయర్లో ఉన్నాయి. నో ప్రయర్ విజువల్ కంప్లైంట్స్, చూపు గురించి ముందెప్పుడూ చెప్పలేదని. ఆ లైన్ నాకు బై హార్ట్. అది మార్పించు."

"ఇప్పుడా? ఆ ఫైలు ఇంకెవరు చదువుతారమ్మా?"

"ఎవరూ చదవక్కర్లా. రాసుండాలి, అంతే. షీ టోల్డ్." గడియారం చూసింది. "నాలుగున్నర. ఫ్రైడే. ఐదింటిదాకా ఉంటారు డాక్టరు ఆఫీసులో. పద."

చెయ్యి దగ్గరగా పెట్టి చూశాను, డ్రమ్ముల వేడి తగ్గింది. దిమ్మలు తీసి వెనక పడేసి, రెండో గేరులో దిగాను, నడిచే మనిషికంటే కాస్త జోరుగా, ఇంజను గొంతు చించుకుంటోంది, వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు, కొట్టనీ. మైలు మిగిలింది, అరమైలు. రేణు సీటు అంచున కూర్చుని ముందుకే చూస్తోంది. ఏమని చెప్పాలి, ఇంగ్లీషులో తెరను ఏమనాలి, ఆవిడ తెర అన్నప్పుడు మనసులో ఏ తెర ఉందో, వాళ్ళింట్లో పడకగదికి వేలాడే నీలం తెరా, నాకేం తెలుసు, అడిగితే కదా. కొండ పాదంలో గ్యాస్ స్టేషను, గోడకు ఫోను. ట్రైలరు అడ్డంగా పెట్టేశాను, ఎవరో విసుక్కున్నారు. డాక్టరు ఆఫీసు నంబరు రేణు నా డైరీలోంచి చదివింది, నేను నొక్కాను. ఎత్తింది పెద్దావిడ, ఆ గొంతు గుర్తుంది, వసుమతిని స్వీటీ అని పిలిచే నర్సు. పేరు చెప్పాను, అక్షరం అక్షరం చెప్పకముందే, గుర్తుంది మిస్టర్ రావు, ఎలా ఉన్నారు అంది. బాగున్నానని అలవాటుగా అనేసి, కాదు అన్నాను, ఫైలులో ఒక తప్పుంది, నేను చెప్పిన తప్పు, రాసుకోండి అన్నాను. ఫైలు తేవడానికి వెళ్ళింది. రేణు వచ్చి రిసీవరుకు అటువైపునించి చెవి ఆనించింది, దాని జుట్టు నా చెంపకు తగులుతోంది, దగ్గరగా రావాలని వచ్చింది కాదు, వినడానికి వచ్చింది.

చెప్పాను. తెరను కర్టెన్ అన్నాను, ఇంకో మాట దొరకలేదు. అవతల కలం చప్పుడు కాసేపు. రాసింది చదువుతాను వినండి అంది నర్సు, నెమ్మదిగా, కళ్ళజోడు సర్దుకుంటున్నట్టు. ఎడమవైపు కర్టెన్ వేసినట్టు ఉందని, కనపడటం లేదని, పేషెంటు పంతొమ్మిది వందల ఎనభై నాలుగు ఆగస్టులో భర్తకు చెప్పింది. భర్త నమ్మలేదు. అక్కడ ఆగింది. గొంతు తగ్గించి, ఆ రెండో వాక్యం అవసరం లేదు మిస్టర్ రావు, దాన్ని కొట్టేస్తాను, మొదటిది చాలు, అంది.

రేణు చెవి ఇంకా రిసీవరుకే ఆనించి ఉంది.

"ఉంచండి," అన్నాను.